రుమాలు కింది మాట

నాకు ఓపిక తక్కువ. పక్కవాళ్ళు నాకు తెలియకుండా ఏదైనా దాస్తున్నారంటే అన్నం సయించదు. అలాంటిదాన్ని తెచ్చి బళ్ళారిలో, సరిగ్గా మండీ బజారు మీదికి కిటికీలున్న ఇంటికి కోడలిని చేశారు. మేడమీది కిటికీ తెరిస్తే చాలు, బజారు బజారంతా నా కళ్ళ ముందే ఒక గుట్టు నడుపుతూ ఉండేది.

ఆ గుట్టు పేరు రుమాలు బేరం. పల్లెల నుంచి శెనక్కాయ మూటలు బండ్ల మీద వచ్చేవి. దళారి మూట విప్పి కాయలు కుప్ప పోసి, భుజం మీది రుమాలు తీసి కుడిచేతి మీద కప్పుకునేవాడు. కొనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి రుమాలు కింద చెయ్యి దూర్చి అతని వేళ్ళు పట్టి నొక్కేవాళ్ళు. నోట మాట ఉండదు, ముఖంలో మార్పు ఉండదు. గుడ్డ మాత్రం కింద ఎలుక దూరినట్టు కదిలేది. సరుకు పండించిన రైతు పక్కనే నిలబడి ఆ గుడ్డ వంక చూస్తూ ఉండేవాడు. అందరి చేతులూ అయిపోయాక దళారి ఒక రేటు పైకి చెప్పేవాడు. ఎవరు ఎంత నొక్కారో దళారికీ దేవుడికీ తెలియాలి.

మా మామ ఆ దళారుల సంఘానికి పెద్ద. బజారులో కొత్తగా ఎవరు మండీ పెట్టుకున్నా ఆయన ముందు తక్కెడ ముట్టుకుని, "రుమాలు కింది మాట రుమాలు కిందే" అని ప్రమాణం చెయ్యాలి. కాగితం లేదు, సంతకం లేదు. మాట తప్పినవాడి రుమాలు లాగేస్తారు. ఆ తరువాత ఆ బజారులో వాడి చేతిలో చెయ్యి పెట్టేవాడు ఉండడు, అంటే వాడి బతుకు అక్కడికి సరి. మా మామ ఇంట్లో కూడా ఆ మాట తప్పేవాడు కాదు. కొత్తలో ఒకసారి నేను ఉండబట్టలేక వడ్డిస్తూ అడిగాను.

"మామా, ఈ పొద్దు కాయ ఎట్ల పోయింది?"

"పులుసు బాగుండాది," అన్నాడు. మా అత్త నవ్వాపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా వెనక వీధిలో ఒక అచ్చాపీసు ఉండేది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు వేసుకునే ఆసామి ఒకరు మధ్యలో తీరిక చూసుకుని ఒక తెలుగు వారపత్రిక కూడా నడిపేవాడు. బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయాక తెలుగు పత్రిక ఎవరు చదువుతారని అందరూ నవ్వారు గాని, శుక్రవారం వస్తే అదే నవ్వినవాళ్ళు ఆ పత్రిక కోసం కాచుకునేవాళ్ళు. నేను దానికి రాసేదాన్ని. ఆడబడిలో పగిలిన బెంచీలు, రైలు స్టేషన్లో ఆడవాళ్ళకు లేని నీడ, అలాంటివి. పేరు వేసుకునేదాన్ని కాదు. మా ఆయన మడిచి జేబులో పెట్టుకుని పోయి ఇచ్చి వచ్చేవాడు. ఏం రాశానని ఆయన అడిగేవాడు కాదు, భయమో మర్యాదో నాకు ఇప్పటికీ తెలియదు. సంపాదకుడు మాత్రం మా ఆయన ద్వారా మొదట్లోనే ఒక మాట చెప్పి పంపాడు. "రాసేది మీరని ఎవరికీ చెప్పను, ఇది నా మాట. రాసింది నిజమేనా అని అడుగుతా. ఎవరు చెప్పినారని అడగను. అడగకపోతే నాకు తెలీదు. తెలీనప్పుడు చంపినా చెప్పలేను కదమ్మా." ఆ తెలివికి నేను అప్పుడే దాసోహమన్నాను.

ఒక మధ్యాహ్నం నెయ్యి పోసే ఆవిడ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కంప్లి దగ్గర కాలవ కింద భూములు కొనుక్కుని, క్యాంపు వేసుకుని ఉన్నవాళ్ళలో ఆమె ఒకతె. రాగానే పెరటి అరుగు మీద కూలబడింది.

"ఏందమ్మా, మొహం అట్ల ఉండాది?" అంది మా అత్త.

"ఏం చెప్పమంటారండీ. మెట్టచెక్కలో ఏసిన కాయ నిన్న మీ బజారుకే తెచ్చారు మావారు. ఎంతమంది చెయ్యెట్టినా చివరికి అదే బోడి రేటు. అడిగితే 'ఈ రోజు బజారే అంతప్పా' అన్నాడంట దళారి. మా సరుకు దగ్గర మేమే దొంగల్లా నిలబడాలండీ. గుడ్డ కింద ఏం జరుగుద్దో ఆ గుడ్డకే తెలియాలి." ఎంతకు అమ్మారో ఆమె చెప్పింది.

మా అత్త ముఖం మారిపోయింది. నెయ్యి కొలిచి పోయించుకుని, ఆమెకు మజ్జిగ ఇచ్చి పంపేసి, ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న నా పక్కన వచ్చి కూర్చుంది. తనూ నాలుగు కాయల తొడిమలు తీసింది. తరువాత, "నిన్న బజారు అంత తక్కువ లేదే. దానికి అన్యాయం చేసినారు," అంది.

నేను తొడిమ పట్టుకుని అలాగే ఉండిపోయాను. గడప దాటి బజారు ముఖం చూడని మనిషికి బజారు రేటు ఎట్లా తెలుసు?

"నీకెట్ల తెల్సు అత్తా?"

ఆమె అటూ ఇటూ చూసింది. ఇంట్లో మేమిద్దరమే. "చెయ్యి ఇయ్యి," అని నా చెయ్యి లాక్కుని తన కొంగు కింద పెట్టుకుంది.

ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూపించింది. వేళ్ళు రూపాయలు, వేళ్ళ కణుపులు అణాలు. అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే ఒక లెక్క, మణికట్టు పట్టుకుంటే ఇంకొక లెక్క. చిటికెనవేలు గోరు మీద బొటనవేలితో నొక్కితే అర్ధ, అంటే అర్ధ రూపాయి. ఇన్నాళ్ళూ కిటికీలో నుంచి మెడ నొప్పి పుట్టేలా చూసినా అంతుబట్టని బజారు గుట్టు, మిరపకాయల ఘాటులో, మా అత్త కొంగు కింద నా చేతికి వచ్చేసింది!

నేర్పింది మా మామేనట. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఆమె అత్త రాజ్యం. పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకూడదు. ఆయన బజారు నుంచి రాగానే కాళ్ళు కడుక్కోను ఆమె నీళ్ళు ఇవ్వాలి, తుడుచుకోను రుమాలు ఇవ్వాలి. అంతవరకే అనుమతి. ఆ రుమాలు అందుకునేటప్పుడు ఆయన దాని కింద ఆమె వేళ్ళు నొక్కి ఆ రోజు రేటు చెప్పేవాడు.

"రేటు తెలియాలని కాదే," అంది మా అత్త, ఆ వయసులోనూ సిగ్గుపడుతూ. "చెయ్యి పట్టుకునేకి వేరే దావ ల్యాకపాయె."

"మరి ఇప్పుడు?"

"ఇప్పటికీ చెప్తాడు. రోజూ. అలవాటయిపాయె."

పులుసు బాగుండాది అన్న పెద్దమనిషి ఈయనేనా అని నాకు నవ్వు ఆగలేదు. అప్పుడు మా అత్త నా చేతిని గట్టిగా పట్టుకుంది. "రాయి. పత్రికలో రాయి. రైతు కూడా రుమాలు కింద చెయ్యి పెడితే వాళ్ళ ఆటలు సాగవు. కానీ నా పేరు రాగూడదు. ఇంటి మాట బజారు పాలు చేసిందంటే నేను మీ మామకు మొహం చూపించలేను. మేమిద్దరం ఉన్నన్నాళ్ళు ఎవరికీ చెప్పొద్దు. తరువాత నీ ఇష్టం."

"నాలుక కోసినా చెప్పను," అన్నాను. ఆ మధ్యాహ్నమే రాసేశాను. నా చెయ్యి అంత జోరుగా అంతకుముందూ నడవలేదు, ఆ తరువాతా నడవలేదు.

శుక్రవారం పత్రిక వచ్చింది. ఏ వేలు ఎంతో, ఏ కణుపు ఎంతో వివరంగా వేసి, చివర "రైతు సోదరులారా, సరుకు మీది, చెయ్యి కూడా మీదే ముందు పెట్టండి" అని ఉంది. చదువు వచ్చినవాళ్ళు చదివి రానివాళ్ళకు వినిపించారు. టీ అంగళ్ళలో, బస్సుల్లో, బండ్ల మీద జనం ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని పకపకా నవ్వుకోవడం నేను కిటికీ నుంచి చూశాను. ఆ రోజు నేను అన్నం తిన్నట్టు కూడా గుర్తు లేదు. ఇంత పని నా రాతతో జరిగిందని ఎవరికీ చెప్పుకోలేక, మేడమీద ఒక్కదాన్నే గుండ్రంగా తిరిగాను.

మరునాడు మండీలో ఇంకా బాగా జరిగింది. క్యాంపు రైతు ఒకాయన, నల్లగా తాడిచెట్టంత మనిషి, దళారి రుమాలు కప్పుకోగానే తన చెయ్యి కూడా లోపలికి దూర్చాడు. దళారి రేటు పైకి చెప్పగానే, కొనే సేఠు వేళ్ళూ దళారి వేళ్ళూ కలిపి పట్టుకుని, "ఇదేంటండీ, ఆరని నొక్కి పైకి అయిదంటున్నారు?" అని గట్టిగా అరిచాడు. దళారి తేలు కుట్టినట్టు గెంతాడు. బజారంతా ఈలలు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను.

దళారులు మధ్యాహ్నానికి మండీలు మూసేశారు. గుట్టు బయటపెట్టినవాడు దొరికేదాకా తెరిచేది లేదన్నారు. రైతులు మూటలతో బండ్ల కిందనే ఉండిపోయారు. మా మామ ఆ రోజు ఇంటికి వచ్చి పత్రిక చదవను కూడా చదవలేదు. "ప్రమాణం తప్పినారు," అని ఒక్క మాట అని పడుకున్నాడు. మా అత్త నా వైపు చూడలేదు.

ఆదివారం పొద్దున మా పడసాలలోనే పంచాయితీ పెట్టారు. దళారులంతా చాపల మీద కూర్చున్నారు. అమ్ముడుపోని మూటల రైతులు మా అరుగు మీద, కిటికీల దగ్గర గుంపు కట్టారు. వంటింటి తలుపు ఓరగా వేసి నేనూ అత్తా వెనక నిలబడ్డాం. సంపాదకుణ్ణి పిలిపించారు. నేను ఆయన్ని చూడడం అదే మొదలు. సన్నటి మనిషి, వేళ్ళకు అచ్చు సిరా.

"ఎవరు చెప్పినారో చెప్పప్పా," అన్నాడు ఒక దళారి.

"చెప్పను."

"చెప్పకపోతే ఈ బజారు నుంచి నీ అచ్చాపీసుకు ఒక్క పెళ్ళి పత్రిక రాదు. ఒక్క ప్రకటన రాదు."

"రాకపోతే పాయె. మీరు తక్కెడ ముట్టుకొని మాట ఇచ్చినారు. నేను గూడా ఒకరికి మాట ఇచ్చినా. మీ మాట తప్పినోనికి శిక్ష వేసేకి కూచున్నారు కదా, నా మాట నన్నే తప్పమంటే ఎట్ల సామీ?"

తలుపు వెనక నేను శభాష్ అనబోయాను. అత్త నా నోరు మూసింది.

అప్పుడు వాళ్ళ చూపు ఒక మూలకు తిరిగింది. గుంతకల్లు నుంచి వచ్చి ఆ ఏడే మండీ పెట్టుకున్న కొత్త దళారి ఒకడు అక్కడ కూర్చున్నాడు. అచ్చాపీసు పక్క ఇంట్లో అద్దెకుంటున్నాడు. సంపాదకుడితో కలిసి టీ తాగుతుంటే చూశామని ఇద్దరు ముగ్గురు లేచారు. ఇంకేం కావాలి? "వీడే! వీని రుమాలు తీసేయండి!" అన్నారు. అతను లేచి మా మామ ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"నేను చెప్పలేదు సామీ. ఉన్న చేను అమ్ముకొని వచ్చి మండీ పెట్టుకుంటి. యాడికి పోవల్ల నేను?"

నా నవ్వంతా ఎటు పోయిందో. అత్త చెయ్యి నా మోచేతి మీద బిగుసుకుంది.

అంతలో బాగా పెద్దవయసు దళారి ఒకాయన పత్రికను కంటికి దగ్గరగా పట్టుకుని, "ఆగండప్పా," అన్నాడు. "ఈడ అర్ధ తప్పు రాసినాడు. ఇది మా తీరు కాదు. మా ఇంట్లో చెయ్యి తిరగేసి అరచేతిలో తట్టేది. అన్నీ ఒకటే అయినా, అర్ధ చెప్పేది మాత్రం ఇంటికొక తీరు కదా. ఇది ఎవరింటి చెయ్యో వాడే చెప్పినోడు."

అబ్బ, ఏం తెలివి అనుకున్నారు అందరూ! అంతే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కడూ లేచి తన చెయ్యి చూపించడం మొదలుపెట్టాడు. "మాది ఇట్ల! తిరగేసి తట్టేది." "మాది తిరగేసి గీకేది." ఒకాయన కన్నడంలో, "ఇదు నమ్మ మనె కై అల్ల!" అని తన ఇంటి చెయ్యి కాదంటూ పక్కవాడి చెయ్యి లాగి మరీ చూపించాడు. తాతల నాటి నుంచి రుమాలు కింద తప్ప ఎరగని వేళ్ళు పట్టపగలు మా పడసాలలో గాల్లో ఆడాయి. కిటికీల దగ్గర రైతులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ముందున్నవాడు చూసి వెనకవాడికి చేసి చూపిస్తున్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇంత చిన్న సంగతి ఒక్క దళారికీ తట్టలేదు, ఎందుకంటే వాళ్ళు వెతుకుతున్నది దొంగను.

కొత్త దళారి కూడా చూపించాడు. అతనిదీ చెయ్యి తిరగేసే తీరే. చిటికెనవేలు ఒక్కరిదీ కాదు.

నా పక్కన అత్త గుసగుసలాడింది. "అందరూ చెయ్యి తిరగేస్తాండారు కదే!"

"అయితే ఏమయింది?"

"గాజులే. నా చెయ్యి తిరగేస్తే గాజులు గలగలమనేవి. మా అత్త చెవిలో పడేది. అందుకని ఆయన వేలు గోటి మీద నొక్కేటోడు. బజారులో కూడా అట్లనే అనుకుంటి నేను. ఇది బజారుది కాదు. మా ఇద్దరిది."

అంటే ఆ పత్రికలో ఉన్నది చదవగానే ఎవరు చెప్పారో తెలిసిపోయే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన ఇంకా పత్రిక చదవలేదు.

"మీదొక్కటే మిగిలింది పెద్దయ్యా," అన్నాడు ఎవరో, పత్రికను మా మామ చేతికిస్తూ.

మా మామ చదివాడు. తలుపు సందులో నుంచి నాకు బాగా కనబడుతోంది. ఒకసారి చదివి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆయన కుడిచేతి బొటనవేలు తనంతట తానే చిటికెనవేలు గోటి మీదికి పోయి అక్కడ ఆగింది. తరువాత మెల్లగా తల ఎత్తి వంటింటి తలుపు వైపు చూశాడు.

"నేను పోయి చెప్తానే," అంది అత్త. "ఆ పిల్లోని పొట్ట కొట్టి నేను ఈడ పులుసు కాచుకుంటా కూచోవల్లనా?"

నేను ఆమె కొంగు పట్టుకున్నాను. నాలుక కోసినా చెప్పనన్నదాన్ని. కానీ దాచమన్న మాట ఆమెది, విప్పుకునే హక్కూ ఆమెదే కదా. అవతల ఆ మనిషి చేతులు జోడించుకుని ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. నేను కొంగు వదిలేశాను. ఆమె తలుపు తీసి గడప మీద కాలు పెట్టింది. పడసాలలో అందరూ ఇటు తిరిగారు.

మా మామ గొంతు ఒక్కసారిగా పెద్దదయింది.

"ఇది మన బజారు చెయ్యి కాదు!" అన్నాడు. అందరూ మళ్ళీ ఆయన వైపు తిరిగారు. ఆయన తన చెయ్యి గాల్లోకెత్తి, తిరగేసి, అరచేతిలో తట్టి చూపించాడు. "బజారులో నాది ఇది. ఈ బజారులో చిటికెనవేలి మీద అర్ధ చెప్పే దళారి ఒక్కడు లేడు. తక్కెడ తెండి, ముట్టుకొని చెప్తా. ఈ పిల్లోడు చెప్పలేదు. మీలో ఎవరూ చెప్పలేదు."

"మరి ఎవరు చెప్పినారు?"

"పత్రికాయన చెప్పనన్నాడు కదా. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నోన్ని ఈ ఇంట్లో కూచోబెట్టి తిట్టేకి నాకు చేతకాదు. పోనియ్యండి."

ఎవరో గొణగబోయారు. అంతలో కిటికీలో నుంచి తాడిచెట్టంత మనిషి గొంతు వినబడింది. "ఎవరు చెప్తే ఇంకేంటి లెండి పెద్దయ్యగారూ! ఇందాకట్నించీ తమరంతా కలిసి చూపించేశారు గదండీ!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత దళారులు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయినవాళ్ళున్నారు. అరుగు మీద నవ్వు మొదలై వీధిలోకి పాకింది. ఆ పెద్దవయసు దళారే ముందు నవ్వేశాడు. మా మామ భుజం మీది రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఇంక ఇది చెమట తుడుచుకునేకే పనికొస్తాది. రేపటి నుంచి నా మండీలో రేటు నోటితోనే చెప్పేది. మీ ఇష్టం మీది."

ఇష్టం లేనివాళ్ళు ఇంకా కొన్నేళ్ళు రుమాళ్ళు కప్పుకున్నారు. అయినా ఏ రుమాలు కిందికైనా రైతు చెయ్యి తప్పకుండా దూరేది. కొత్త దళారి మా మండీ పక్కనే నిలదొక్కుకున్నాడు.

జనమంతా పోయాక మా మామ పెరటి గడప దగ్గరికి వచ్చాడు. అత్త నీళ్ళు ఇచ్చింది. చెంబులో నీళ్ళు సగం కిందనే ఒలికాయి. ఆయన కాళ్ళు కడుక్కుని చెయ్యి చాచాడు. ఆమె తల వంచుకుని రుమాలు అందించింది. ఆయన అది తీసుకోలేదు, ఆమె చేతిమీదనే పరిచి, దాని కింద తన చెయ్యి పెట్టాడు. గాజులు చప్పుడు కాలేదు. తరువాత తుడుచుకుని లోపలికి పోయి, ఆకలవుతోంది అన్నం పెట్టమన్నాడు.

మా అత్త అక్కడే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు. నేను పరుగున వెళ్ళాను.

"ఏమన్నాడు అత్తా? కోపమా? ఎంత రేటు చెప్పినాడు?"

ఆమె నా చెయ్యి తీసుకుని చిటికెనవేలు గోటి మీద బొటనవేలితో మెల్లగా నొక్కింది.

"ఈ పొద్దు బజారు లేదు కదే," అంది. "రేటు ఏమీ చెప్పలేదు. ఉట్టి అర్ధ."

ఆయన ఆమెను గాని నన్ను గాని ఆ సంగతి ఎన్నడూ అడగలేదు. ఆ తరువాత నేను చాలా ఏళ్ళు పత్రికలకు రాశాను. ఎవరు చెప్పారని ఎంతోమంది అడిగారు, బెదిరించారు, బతిమాలారు. ఎవరి పేరూ నా నోట రాలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు కనుక, ఆ ఒక్క పేరు మాత్రం చెబుతున్నాను. అది మా అత్త.